ఆ తల్లి నాకు దండం పెట్టింది, నేను దేవునికి స్తోత్రం చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. బి.ఎస్సీ. నర్సింగ్ అయ్యాక విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. మిషన్ హాస్పిటల్లో సేవ చేయాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంట్లో వాళ్లను ఒప్పించి పోయిన ఏడాది జార్ఖండ్‌కు, సంతాల్ పరగణాలోని ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి వాలంటీర్‌గా వచ్చాను. ఇక్కడ గది, భోజనం ఇస్తారు. పై ఖర్చులకు మా సంఘంవాళ్లు నెలనెలా కొంత పంపుతున్నారు.

ఈ వానాకాలం కట్లపాము కాటు కేసులు చాలా వచ్చాయి. ఒక బాబు వచ్చినప్పుడు వెంటిలేటర్ ఖాళీ లేదు. వాళ్ల నాన్న, మేనమామ, మేము వంతులు వేసుకుని రెండు రాత్రులు అంబూ బ్యాగ్ (చేత్తో ఊపిరి అందించే సంచి) నొక్కాం. బాబు బతికి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. తర్వాతి వారమే ఎనిమిదేళ్ల పాపను తెచ్చారు. ముందు ఓఝా (ఇక్కడి మంత్రగాడు) దగ్గరికి తీసుకెళ్లారట. తర్వాత వానలో బండి దొరకలేదు. తెల్లవారాక మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లేదు. ఎంత ప్రయత్నించినా దక్కలేదు. నేనే ఆ పాప ఒళ్లు తుడిచి, జడ వేసి, దుప్పటి చుట్టి తల్లి చేతికిచ్చాను. కొన్నాళ్లకు ఆ తల్లి చిన్న పిల్లాడికి జ్వరమని వచ్చింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడివాళ్లు నమస్కారానికి చెప్పే 'జోహార్' అని రెండు చేతులూ జోడించి, సంచిలో తెచ్చిన మొక్కజొన్న కంకులు నా చేతిలో పెట్టింది.

రోజూ పొద్దున డ్యూటీకి ముందు ప్రార్థనలో అందరూ స్తోత్రం చెబుతారు. ఆ రోజు నుంచి నా నోరు పెగలడం లేదు. దేవుడు లేడని కాదు. ఆ పాప ముఖం గుర్తొస్తే థ్యాంక్స్ అనే మాట రావడం లేదు. క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు కృతజ్ఞతా కూడికలో సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగారు. 'ఆ బాబు సంగతి చెప్పమ్మా, సంఘం బలపడుతుంది, ఫొటో ఉంటే పంపు' అన్నారు. పాప సంగతి దాచి బాబు సంగతి ఒక్కటే చెప్పడం నాకు అబద్ధంలా ఉంది. కొందరైతే 'అక్కడ ఎంతమంది మతం మారారు?' అని కూడా అడుగుతున్నారు. నా విశ్వాసం తగ్గిపోయిందా? ఇలాంటి మనసుతో ఇక్కడ ఉండొచ్చా?

— పేరు రాయవద్దని కోరిన ఒక సోదరి

సమాధానం: తల్లీ, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఉండొచ్చు. నిద్ర పడుతున్నంత కాలం, చేతులు పని చేయగలిగినంత కాలం నిశ్చింతగా ఉండు. పొద్దున ప్రార్థనలో నోరు పెగలని నర్సు చేతి మందు పనిచేయకుండా పోదు. నేనూ నర్సునే, రిటైరయ్యేవరకు నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. స్తుతి గట్టిగా పలికే నర్సులను చూశాను, పలకలేని నర్సులనూ చూశాను. రోగి పక్కన ఎవరు ఎంతసేపు నిలబడతారన్నది దాన్నిబట్టి తేలలేదు.

ఆ ఇద్దరు పిల్లల సంగతి నువ్వూ నేనూ నర్సుల్లాగే మాట్లాడుకుందాం. దేవుడి మాట తర్వాత. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. వాపు ఉండదు, నొప్పి పెద్దగా తెలియదు, కాటు గుర్తు కూడా ఒక్కోసారి కనపడదు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. దాని విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది. ఒకసారి దెబ్బతిన్నాక విషానికి విరుగుడు మందు యాంటీవెనమ్ ఎన్ని సీసాలు ఎక్కించినా ఆ నరం అప్పటికప్పుడు బాగుపడదు. శరీరం దాన్ని తిరిగి కట్టుకోవడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఎవరో ఒకరు ఆ మనిషి తరఫున ఊపిరి పోయాలి. బాబు ఊపిరి ఉండగానే మీ గుమ్మం ఎక్కాడు. పాప ఎక్కేసరికి ఊపిరి లేదు. ఇద్దరికీ మధ్య ఉన్న తేడా ఓఝా దగ్గర పోయిన సమయం, వాన, దొరకని బండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 'దేవుడు బాబును ఎంచుకున్నాడు, పాపను వదిలేశాడు' అన్న లెక్క నీ మనసులో ఎక్కడో నడుస్తోంది. స్తోత్రం చెబితే ఆ లెక్కకు ఒప్పుకున్నట్టే అవుతుందని నీ భయం. ఒప్పుకోవద్దు. యేసు ప్రభువు కూడా ఒప్పుకోలేదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు తక్కిన వాళ్లకంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే చెప్పాడు. పోయినవాళ్ల చావులోంచి తీర్పు చదవడం తప్పయితే, బతికినవాళ్ల బతుకులోంచి చదవడమూ తప్పే. ఇది మన సంఘాల్లో చాలామందికి రుచించని మాటని నాకు తెలుసు. ఆపరేషన్ సక్సెస్ అయితే 'ప్రార్థన ఫలించింది' అంటాం. పక్క మంచం మీద రోగి పోతే ఆ తల్లి ప్రార్థన ఏమైందో మాట్లాడం. పక్క మంచంవాళ్లు ఆ మాటలన్నీ వింటూనే ఉంటారు.

'ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి' అన్న వాక్యం నిన్ను పొడుస్తూ ఉండవచ్చు. పౌలు రాసిన ఆ మాటను నేను తీసిపారేయడం లేదు. కానీ అదే బైబిల్లో 88వ కీర్తన కూడా ఉంది. అది చీకటితోనే ముగుస్తుంది. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో కాస్త తేరుకుంటాయి, ఇది తేరుకోదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, గుడిలో పాడుకునే పాటల మధ్యే ఉంచారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. యోబు స్నేహితులు తర్వాత ఎన్ని పనికిరాని మాటలు మాట్లాడినా, మొదట ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద నోరు తెరవకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. కాబట్టి పొద్దున ప్రార్థనలో అందరూ స్తోత్రం చెప్పేటప్పుడు నువ్వు మౌనంగా నిలబడు. ప్రార్థనకు వెళ్లడం మాత్రం మానకు. నీ వంతు వస్తే ఆ కీర్తనే చదువు. అది కూడా వాక్యమే, ఎవరూ కాదనలేరు.

ఆ తల్లి సంగతి చాలాసేపు ఆలోచించాను. నీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు ఇలా అనిపించింది. బిడ్డ బతికినందుకు దండం పెట్టే తల్లులను మనం రోజూ చూస్తాం. ఆమెకు ఆ కారణం లేదు. మరి దేనికి పెట్టింది? 'ఓఝా దగ్గరికి ఎందుకు తీసుకెళ్లావ్?' అని నువ్వు ఆమెను తిట్టలేదు. మన ఆసుపత్రుల్లో, మన తెలుగు ఊళ్లలో కూడా, ఇలా వచ్చిన తల్లిదండ్రులు శవం పక్కనే నిలబడి ఎన్ని తిట్లు తింటారో నాకు తెలుసు. నువ్వు ఒళ్లు తుడిచి జడ వేశావు. ఎనిమిదేళ్ల పిల్లకు పొద్దున్నే అమ్మ చేయాల్సిన పని అది. ఆమె చేతులు లేవని సమయంలో ఆ పని నువ్వు చేశావు. ఆమె తన బిడ్డను ఒక రోగిగానో, కేసుగానో కాక ఒకరి బిడ్డగా తిరిగి తీసుకెళ్లింది. దానికి పెట్టిన దండం అది. ఇంకో సంగతి కూడా చూడు. చిన్నవాడికి జ్వరం రాగానే ఈసారి ఆమె నేరుగా మీ దగ్గరికే వచ్చింది.

ఆ కంకులు తీసుకోవడానికి నువ్వు అర్హురాలివి కాదని నీకు అనిపిస్తున్నట్టుంది. తీసుకోవడం మంచి పని, తల్లీ. సేవకు వెళ్లినవాళ్లకు ఇవ్వడం అలవాటవుతుంది, తీసుకోవడం చేతకాదు. ఏమీ లేని ఇంటి నుంచి వచ్చిన దాన్ని 'వద్దమ్మా, మీరే ఉంచుకోండి' అని తిప్పి పంపితే, ఇచ్చేవాళ్లం మేమే, పుచ్చుకునేవాళ్లు మీరే అని చెప్పినట్టు. నువ్వు అలా చేయలేదు. ఆ కంకులు కాల్చి స్టాఫ్ అందరితో కలిసి తిని ఉంటే ఇంకా సంతోషం.

ఇక స్తోత్రం సంగతి. దేవునికి చెప్పే మాట గొంతులో ఆగిపోయినప్పుడు, మనుషులకు చెప్పాల్సిన థ్యాంక్స్ ఎంత బాకీ ఉందో చూసుకోమని నా సలహా. బాబు బతకడానికి ఎవరెవరు కారణమో ఒక కాగితం మీద రాయి. రెండు రాత్రులు బ్యాగ్ నొక్కిన తండ్రి, మేనమామ ఉన్నారు. బండి నడిపినవాడు ఉన్నాడు. తర్వాత ఆ యాంటీవెనమ్ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడు. మన దేశంలో దాని తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గరున్న ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో పెట్టిన సంఘం అది. ఒకప్పుడు పాము తోళ్ల కోసం పాములు పట్టి బతికిన గిరిజనులు వాళ్లు. ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి మందు తీస్తారు. ఇరులవాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సంతాల్ బిడ్డ ప్రాణం ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక ఇరుల మనిషి చేతి నేర్పు మీద ఆధారపడింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడరు.

ఆ కాగితం పూర్తయ్యాక ఎవరికి చెప్పగలవో వాళ్లకు చెప్పు. మేనమామ మళ్లీ కనిపిస్తే, 'ఆ రాత్రి నువ్వు నిద్రపోలేదు కాబట్టే వాడు బతికాడు' అని చెప్పు. అలా మనుషులకు చెబుతూ ఉండగా ఏదో ఒక రోజు దేవునికి చెప్పే మాట కూడా దానంతటదే వస్తుందని నేను నమ్ముతున్నాను. ఎప్పుడు వస్తుందో చెప్పలేను. తొందరపెట్టకు.

మిషన్ ఆసుపత్రులన్నీ స్తోత్రంతోనే మొదలయ్యాయని మనకు చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పిన కథల వల్ల అనిపిస్తుంది. వెల్లూరు ఎలా మొదలైంది? చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి, రాయలసీమ అంతటి నుంచి మనవాళ్లు రైలెక్కి వెళ్లే ఆసుపత్రి అది. ఐడా స్కడర్ మిషనరీ అవ్వాలని అనుకోలేదు. తల్లికి జబ్బు చేసిందని అమెరికా నుంచి తిండివనం వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని అడిగారు. ఆమె డాక్టరు కాదు. ఆమె తండ్రి డాక్టరే గానీ, మగ డాక్టరు వద్దని వాళ్లు వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి 1900లో తిరిగొచ్చింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య విద్యాలయం పెట్టింది. ఆ ఆసుపత్రి పునాదిలో ముగ్గురు బతకని తల్లులు ఉన్నారు. వాళ్లను దాచి వెల్లూరు కథ ఎవరూ చెప్పరు.

మన గుంటూరులో అన్నా కుగ్లర్ సంగతి ఇంకా నిదానం. ఆమె 1883లో వచ్చింది. డాక్టరే అయినా, మొదట్లో మిషన్ ఆమెను డాక్టరుగా పంపలేదు. ఆసుపత్రి తెరిచేసరికి 1898. మధ్యలో ఆ ఏళ్లన్నీ ఆమె ఎంతమందిని కాపాడలేకపోయి ఉంటుందో ఆలోచించు. అయినా ఇక్కడే ఉండిపోయి, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

సాక్ష్యానికి వద్దాం. చెప్పు, కానీ ఇద్దరు పిల్లల సంగతీ చెప్పు. ఇప్పుడే పాస్టరు గారికి ఫోన్ చేసి, 'అయ్యగారూ, నేను ఇద్దరి గురించీ చెబుతాను, అలా అయితేనే నిలబడగలను' అని మర్యాదగా, స్పష్టంగా చెప్పేయి. ఆయన ఒప్పుకోకపోతే ఈసారికి పాట పాడి కూర్చో. ఎవరినీ నొప్పించినట్టు కాదు. కానీ నాకు తెలిసినంతలో చాలామంది పాస్టర్లు ఒప్పుకుంటారు. సమాధుల దొడ్డికి అందరికంటే ఎక్కువసార్లు నడిచేది వాళ్లే. సంఘం కూడా నువ్వు అనుకున్నంత బలహీనంగా ఉండదు. ఆ కూడికలో బెంచీల మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లులు కచ్చితంగా ఉంటారు. వాళ్లు ఏళ్ల తరబడి బతికినవాళ్ల సాక్ష్యాలే వింటూ వచ్చారు. తమ బిడ్డ గురించి ఎవరూ మైకు ముందు మాట్లాడలేదు. నీ మాట వాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆలోచించు.

చెప్పేటప్పుడు మీ జిల్లా సంగతి కూడా కలుపు. దివిసీమ వైపు వరి చేలల్లో వానాకాలం పాముకాట్లు మీవాళ్లకు కొత్త కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ చావులు జరిగిన రాష్ట్రాల్లో జార్ఖండ్‌తోపాటు మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. సంతాల్ పాప మీవాళ్లకు ఎక్కడో పరాయి మనిషిగా ఉండిపోదు.

ఆపైన సంఘాన్ని ఒకటి అడుగు. కృతజ్ఞతా కానుకగా ఈసారి దోమతెరలు ఇవ్వమను. నేలమీద పడుకునేవాళ్లకు, తెర అంచులు చాప కిందికి బాగా దోపుకుంటే, కట్లపాము నుంచి కూడా కాపు దొరుకుతుంది. మలేరియా ఎటూ తగ్గుతుంది. మీ ఆసుపత్రివాళ్లు ఏ ఊళ్లలో పంచాలో చెబుతారు. వీలైతే ఓఝాలను కూడా పిలిచి కూర్చోబెట్టమను. వాళ్లను శత్రువులుగా చూస్తే రోగులు ఆలస్యంగానే వస్తారు. 'నీ మంత్రం నువ్వు వేసుకో, కానీ ముందు బండి ఎక్కించు' అని ఒప్పించగలిగితే చాలు. ఆ పాప దారిలో పోయిన గంటలకు మనం చేయగలిగిన జవాబు ఇదే.

ఫొటో మాత్రం పంపకు. బాబు ముఖం, పేరు, ఊరు ఏవీ వద్దు. వాళ్ల నాన్న ఒప్పుకున్నా వద్దు, ఎందుకంటే తన బిడ్డను కాపాడినవాళ్లు అడిగితే ఏ తండ్రి కాదనగలడు? ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్లిన ఫొటో ఎక్కడెక్కడ తిరుగుతుందో, దాని కింద ఎవరు ఏం రాస్తారో నీ చేతిలో ఉండదు. సాక్ష్యంలో 'ఒక బాబు', 'ఒక పాప' అంటే సరిపోతుంది.

'ఎంతమంది మారారు?' అని అడిగేవాళ్లకు కోపంగా జవాబు చెప్పకు. చాలామంది చెడు మనసుతో అడగరు. వాళ్లు చిన్నప్పటి నుంచి విన్న మిషనరీ రిపోర్టులు అలాగే ఉంటాయి. 'నేను వైద్యానికి వచ్చాను, లెక్క నా దగ్గర లేదు' అని చెప్పు. వాళ్లు ఇంకా పట్టుబడితే పదిమంది కుష్ఠరోగుల సంగతి గుర్తుచెయ్యి. బాగుపడినవాళ్లు పదిమంది, వెనక్కి వచ్చి స్తోత్రం చెప్పినవాడు ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడే. 'ఆ తొమ్మండుగురు ఎక్కడ?' అని ప్రభువు అడిగాడు గానీ, వాళ్లకిచ్చిన స్వస్థత వెనక్కి తీసుకోలేదు. స్తోత్రం ఆయన దగ్గర వైద్యానికి ఫీజు కాదు. మంచం మీద ఉన్న మనిషి, ఊపిరి కోసం మన మీద ఆధారపడిన మనిషి, మన మతానికి కాదనలేని స్థితిలో ఉంటాడు. ఆ స్థితిని వాడుకోకూడదు. వాళ్లు అడిగితే ప్రార్థన చేయి. అడగకపోతే నీ మనసులో చేసుకో. 'మీ దేవుడే బతికించాడు' అని వాళ్లే అంటే, ఆ మాట వాళ్లది, విని ఊరుకో.

మనలో ఉన్న దయ మన సంఘం గోడల దగ్గర ఆగిపోదనడానికి నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి చాలు. 1915లో అక్కడ మొదలైన కుష్ఠు ఆసుపత్రిని నడిపింది మెథడిస్టు మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత నర్సాగౌడ్, ఆయన హిందువు. కుష్ఠురోగిని ఊళ్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లిద్దరూ ఒకే గోడ కట్టారు. మతం మార్చుకోమని ఒకరు, మార్చుకోనని ఒకరు వాదించుకుంటూ కూర్చుంటే ఆ గోడ లేచేది కాదు.

చివరిగా నీ గురించి. రాత్రి నిద్ర పట్టకపోవడం, పాప ముఖం డ్యూటీలో కూడా కళ్ల ముందుకు రావడం, తిండి సహించకపోవడం ఇవి వారాల తరబడి ఉంటే, అది విశ్వాసం తగ్గడం కాదు, మనసుకు తగిలిన దెబ్బ. దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయి, తెలుగులో మాట్లాడవచ్చు. మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడిగి, పాప కేసు గురించి ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లంతా ఒకసారి కూర్చుని మాట్లాడుకునేలా చూడు. ఎవరిది తప్పని తేల్చడానికి కాదు. ఆ రోజు అక్కడ ఉన్న మిగతావాళ్లు కూడా పొద్దున స్తోత్రం చెబుతూ లోపల ఏం మోస్తున్నారో నీకు తెలియదు. నువ్వు మొదలుపెడితే వాళ్లూ చెబుతారు. ఈ ఉత్తరం అందగానే ఈ వారం వీక్లీ ఆఫ్ తీసుకుని బాగా నిద్రపో, ఆ తర్వాత పాస్టరు గారికి ఫోన్ చేయి.